కాకతాళీయం

రేపేమి జరుగనున్నదో నేడే తెలుసుకోవాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. తెలుగునాట ఊరూరా ఉగాది నాడు పంచాంగ శ్రవణం జరుగుతుంది. ఆ ఏడు వానలెట్లుంటాయో, పంటలెట్లుంటాయో, ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో సిద్ధాంతి చదువుతూ ఉంటే పెద్దలూ పిన్నలూ శ్రద్ధగా వింటారు. అయితే మరుసటి ఉగాదికి పాత పంచాంగాన్ని తెరచి, అందులో చెప్పినవాటిలో ఎన్ని జరిగినవి, ఎన్ని జరుగలేదు అని లెక్క చూసేవారు అరుదు. వినడంలో ఉన్న ఆసక్తి సరిచూడడంలో ఉండదు. జోస్యానికి బలం చేకూరేది ఇక్కడే. ఫలించిన మాట పది నోళ్ళలో నానుతుంది. ఫలించని మాట ఎవరికీ గుర్తుండదు.

ఈ కోరిక నేడు కొత్త వేషం ధరించింది. హైదరాబాదు నగరానికి పడమట, మణికొండకూ నార్సింగికీ చేరువలో ఉన్న పుప్పాలగూడ ఒకప్పుడు రాతిగుట్టల నడుమ ఒదిగిన పల్లె. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైంది. ఆపైన గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాలకు కంప్యూటర్ సంస్థలు, ఆర్థిక సంస్థలు విస్తరించాయి. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు బాహ్యవలయ రహదారి తొలి భాగం వాహనాలకు తెరచుకున్నది. వీటితో పుప్పాలగూడ రూపురేఖలే మారిపోయాయి. పొలాల చోట అపార్టుమెంట్లు లేచాయి. వాటిలో నివసించే ఉద్యోగులెందరికో నెల తిరిగేసరికి జీతంలో కొంత మిగులుతున్నది. ఆ మిగులును పెంచుకొనే మార్గం చేతిలోని ఫోనులోనే కనబడుతున్నది. 1943లో ఏర్పడిన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి గుర్తింపు 2007లో రద్దయినా సామాన్య మదుపరికి ఆ లోటు పెద్దగా తెలియలేదు. అప్పటికే షేర్ల క్రయవిక్రయాలు భవనాలను వదలి కంప్యూటరు తెరలకు ఎక్కాయి.

ఇటువంటి చోట మిత్రబృందాలు సరదాకు ఆడుకొనేందుకు అనువైన ఆట ఒకటి ఉన్నది. ఒక ప్రసిద్ధ సంస్థ షేరునో, నిఫ్టీ సూచీనో ఎంచుకుంటారు. నెలాఖరున దాని ముగింపు ధర ఎంత ఉంటుందో ఎవరికి వారు ఊహించి చెబుతారు. వాస్తవానికి అందరికంటె దగ్గరగా చెప్పినవాడు విజేత. ఓడినవారు అతనికి ఇరానీ చాయో, బిర్యానీయో ఇప్పించాలి. ఇందులో ఎవరి ఇల్లూ మునిగిపోదు. నవ్వులతో మొదలై నవ్వులతో ముగిసే ఈ వినోదాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. పంచాంగ శ్రోతలు చేయని పనిని ఈ ఆటగాళ్ళు చేస్తారు కూడా. చెప్పిన మాటను నెల తిరిగేసరికి వాస్తవంతో సరిచూస్తారు. అది మెచ్చదగిన అలవాటు. విచారింపవలసినది మరొకటి ఉన్నది. ఆ ఆట ఆడినవానికి ఏమి నేర్పుతున్నది? గెలిచినవాడు తన గెలుపును ఏమని అర్థం చేసుకుంటున్నాడు? దీనికి సరియైన జవాబు తెలియక ఎందరో యువకులు చాయి పందెం నుండి తమ జీతాన్నే పందెంగా ఒడ్డే స్థితికి జారిపోతున్నారు.

షేరు అంటే ఒక సంస్థ యాజమాన్యంలో చిన్న వాటా. సంస్థ లాభం గడిస్తే వాటాదారునికి అందులో భాగం ఉంటుంది; నష్టపోతే వాటా విలువ తరుగుతుంది. కనుక సంస్థ చేసే పని, దాని ఆదాయం, అప్పులు, నిర్వాహకుల నిజాయితీ షేరు ధరకు దీర్ఘకాలంలో పునాదులు. అయితే ఒక నెలలోనో, ఒక వారంలోనో ధర ఎటు కదులుతుందన్నది వీటిపైన మాత్రమే ఆధారపడదు. కొనేవారి ఆశ, అమ్మేవారి భయం, దూరదేశపు యుద్ధవార్త, వడ్డీరేటు మార్పు, ఒక వదంతి, ఇవన్నీ కలసి ధరను ఊపుతాయి.

ఆంగ్ల ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1936లో వెలువరించిన గ్రంథంలో దీనిని ఒక చక్కని పోలికతో వివరించాడు. ఒక పత్రిక నూరు ముఖచిత్రాలను ముద్రించి, వాటిలో అందమైన ఆరింటిని ఎంచుమన్నదనుకుందాం. అధిక సంఖ్యాకుల ఎంపికకు ఎవరి ఎంపిక దగ్గరగా ఉంటే వారికే బహుమతి. అప్పుడు పోటీదారుడు తనకు అందంగా తోచిన ముఖాలను ఎంచడు. ఇతరులకు ఏవి అందంగా తోచునో వాటిని ఎంచుతాడు. ఆ ఇతరులు కూడా అదే విధంగా ఆలోచిస్తూ ఉంటారు. షేరు ధరను ఊహించడం ఇటువంటిదే. అది సంస్థను గురించిన ఊహ మాత్రమే కాదు, కోట్లాది మంది ఊహలను గురించిన ఊహ కూడా.

మరి సామాన్యుల అంచనాలకు విలువే లేదా? ఉన్నది. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణంలో జరిగిన ఒక ప్రదర్శనలో బలిసిన ఎద్దు ఒకదానిని చూపి, కోసి శుభ్రపరచిన తరువాత దాని మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీలను సేకరించి, చదవడానికి వీలైన 787 అంచనాలను వరుసగా పేర్చి చూశాడు. సరిగ్గా నడుమ నిలిచిన అంచనా 1,207 పౌన్లు. అసలు తూకం 1,198 పౌన్లు. విడివిడిగా ఎందరో పొరబడినా, అందరి అంచనాల నడిమి విలువ సత్యానికి అతి సమీపంలో నిలిచింది. అయితే ఇందులో రెండు షరతులున్నాయి. ఎద్దు అందరి కళ్ళెదుట ఉన్నది. ఎవరి చీటీని వారే వ్రాసుకున్నారు. ఒకే టీవీ విశ్లేషకుని మాట విని, ఒకే ఫోను సందేశాన్ని చదివి నూరుగురు ఒకే అంకె చెప్పినపుడు అవి నూరు అంచనాలు కావు. ఒకే అంచనాకు నూరు ప్రతిధ్వనులు.

ఇక విజేత మాట. మన పెద్దలు చెప్పిన లౌకిక న్యాయాలలో కాకతాళీయ న్యాయం ఒకటి. కాకి వచ్చి తాటిచెట్టుపై వాలింది. అదే క్షణంలో తాటిపండు రాలింది. చూచినవాడు కాకి వాలినందువల్లనే పండు రాలిందనుకుంటాడు. వాస్తవానికి పండు రాలే గడియ, కాకి వాలే గడియ ఒకటి కావడం తప్ప వాటి నడుమ సంబంధం లేదు. ధరల పోటీలో గెలుపు చాలాసార్లు ఇటువంటిదే. గణితం తెలిసిన విద్యార్థి దీనిని సులభంగా గ్రహించగలడు. 32 మంది ఆటగాళ్ళు ఉన్నారని, వారం వారం షేరు ధర పెరుగుతుందా తరుగుతుందా అని మాత్రమే చెప్పాలని అనుకుందాం. ఎవరికీ ఏమీ తెలియదు. ప్రతిసారీ ఇంకా తప్పు చెప్పనివారిలో సగంమంది పెరుగుతుందని, సగంమంది తరుగుతుందని గుడ్డిగా చెబుతారు. మొదటి వారం 16 మంది, రెండవ వారం 8 మంది, మూడవ వారం నలుగురు, నాల్గవ వారం ఇద్దరు మిగులుతారు. అయిదవ వారానికి ఒక్కసారి కూడా తప్పని మహానుభావుడు ఒకడు తప్పక నిలుస్తాడు. అతనికి ఏ విద్యా లేదు. అయినా అతని చుట్టూ జనం మూగుతారు. తన రహస్యమేమిటని అడిగితే అతడు ఏదో ఒకటి చెబుతాడు. చెప్పి చెప్పి తానే నమ్ముతాడు. మిగిలిన 31 మందిని అడిగేవారుండరు.

నిపుణుల గతి ఏమిటన్న ప్రశ్న సహజం. అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 1988లో ఒక వింత పోటీని ఆరంభించింది. ఒకవైపు పేరుపొందిన నిపుణులు ఎంచిన షేర్లు, మరొకవైపు షేర్ల పట్టికపైకి ముల్లు విసిరితే గుచ్చుకున్న షేర్లు. ఆరు నెలల కాలంలో ఏవి ఎక్కువ లాభమిస్తాయో చూచేవారు. నూరు పోటీలు ముగిసేసరికి నిపుణులు 61 సార్లు ముల్లును జయించారు. అయితే మార్కెట్టు మొత్తపు నడకను తెలిపే డౌ జోన్స్ సూచీతో పోల్చితే వారు నెగ్గినవి 51 మాత్రమే. నిపుణుని పేరుతో పత్రికలో పడగానే జనం ఎగబడి కొనడం వల్ల కూడా ఆ షేర్ల ధర పెరిగేదని పరిశోధకులు గమనించారు. గుడ్డివాని చేతి రాయికీ, గురిచూసి విసరిన రాయికీ నడుమ తేడా ఉన్నది గాని, బయటివారు అనుకొన్నంత లేదని ఈ పోటీ చాటింది.

దీనికంటె తీక్ష్ణమైన ఉదాహరణ హైదరాబాదులోనే ఉన్నది. 1987లో ఈ నగరంలో పుట్టిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థ తెలుగువారికి గర్వకారణంగా ఎదిగింది. దాని షేరు అమెరికాలోని న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా అమ్ముడయ్యేది. 2008 సెప్టెంబరులో సంస్థ నిర్వహణలో ఉత్తమ ప్రమాణాలకు గాను దానికి గోల్డెన్ పీకాక్ పురస్కారం ప్రకటించారు. 2009 జనవరి 7న సంస్థ అధిపతి వ్రాసిన లేఖ వెలువడింది. లెక్కలలో చూపిన సుమారు 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనివేనని అందులో ఉన్నది. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కనాడే సుమారు 40 రూపాయలకు కూలింది. అదే ఏడు ఏప్రిల్‌లో సంస్థ పగ్గాలు వేలంలో టెక్ మహీంద్రాకు దక్కాయి. అప్పుడు షేరుకు పలికిన ధర 58 రూపాయలు.

జనవరి 6న ఆ షేరుపై ఒక స్నేహపూర్వక పోటీ జరిగి ఉంటే ఏమయ్యేది? సంస్థ లెక్కలను శ్రద్ధగా చదివి, లాభాలను బేరీజు వేసి అంకె చెప్పినవాడు చిత్తుగా ఓడిపోయేవాడు. లెక్కలే అబద్ధమైనపుడు వాటిని చదివిన శ్రమ ఫలించదు. ఏమీ చదవక హాస్యానికి అతి తక్కువ అంకె వేసినవాడు గెలిచేవాడు. అట్టి విజేత జ్ఞాని కాడు. ఓడినవాడు అజ్ఞానీ కాడు. కనుక ఒక్క ఫలితాన్ని చూచి మనిషి తెలివిని కొలవరాదు.

ఇంతవరకు విన్నవారు ఒక ఆక్షేపణ చేయవచ్చు. చదివినవాడు ఓడి, చదవనివాడు గెలుస్తుంటే చదువు దేనికి? ఆక్షేపణ సబబే. దీనికి సమాధానం తెలంగాణ మెట్ట రైతు ఎన్నడో చెప్పాడు. వాన ఎప్పుడు పడుతుందో అతనికి తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు. అందుచేత జొన్న చేనులో కంది సాళ్ళు వేస్తాడు. జొన్న దెబ్బతిన్నా, ఆలస్యంగా చేతికి వచ్చే కంది అయినా మిగులుతుంది. ఇది వానను గురించిన జోస్యం కాదు. జోస్యం తప్పినా బ్రతకగల ఏర్పాటు. సత్యం పతనంలో ఎక్కువగా నలిగినది, జీతమూ పొదుపూ రెండూ ఆ ఒక్క సంస్థపైనే పెట్టుకున్న ఉద్యోగి. ఉద్యోగం ఊగిసలాడిననాడే దాచుకున్న సొమ్ము కూడా కరిగింది. పలు సంస్థలలో కొద్దికొద్దిగా మదుపు చేసినవానికి అదే కబురు ఒక దెబ్బ మాత్రమే. చదువు రేపటి ధరను చెప్పదు. ఎంత తెలుసు, ఎంత తెలియదు అన్న హద్దును చూపుతుంది. ఆ హద్దు ఎరిగినవాడే తన పొలాన్ని కాపాడుకోగలడు.

ఆ హద్దు ఎరుగనివారి కథ సెబీ అధ్యయనాలలో కనబడుతుంది. మదుపరుల రక్షణకు ఏర్పడిన ఈ సంస్థ ఫ్యూచర్లు, ఆప్షన్లు అనే వ్యాపారంపై 2024 సెప్టెంబరులో ఒక నివేదికను ప్రకటించింది. ఈ వ్యాపారం స్థూలంగా ధరల పోటీకి సొమ్ము జోడించిన రూపం. షేరును సొంతం చేసుకోకయే దాని ధర ఫలానా తేదీనాటికి ఎటు పోతుందన్న అంచనాపై సొమ్ము ఒడ్డుతారు. నష్టభయాన్ని తగ్గించుకొనే సాధనంగా పెద్ద సంస్థలకు ఇది ఉపయోగపడుతుంది. కాని త్వరిత లాభానికై దిగిన వ్యక్తుల సంగతి వేరు. 2021–22 నుండి 2023–24 వరకు మూడేండ్లలో కోటిమందికి పైగా వ్యక్తులు ఇందులో పాల్గొనగా, వారిలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. 2024–25లోనూ నష్టపోయినవారు 91 శాతం. పాల్గొన్నవారిలో 30 ఏళ్ళ లోపువారు 2022–23లో 31 శాతం ఉండగా, మరుసటి ఏడు 43 శాతమయ్యారు. నేటి జూనియర్ కళాశాల విద్యార్థి రేపు అడుగుపెట్టబోయే వయోవర్గం ఇదే.

వీరంతా మూర్ఖులు కారు. చాలామంది మొదట చిన్న గెలుపు చవిచూసి ఉంటారు. మిత్రుల పోటీలో రెండుసార్లు నెగ్గినవాడు మూడవసారి చాయికి బదులు జీతం ఒడ్డుతాడు. తాటిపండు రాలడం తన ప్రతాపమేనని కాకి నమ్మినట్లే ఇది. జూదంలో ఓడినవాడు పోయినదానిని రాబట్టుకోవాలని మళ్ళీ ఆడతాడు. గెలిచినవాడు తన చేతివాటాన్ని నమ్మి మళ్ళీ ఆడతాడు. రాజ్యమంతా పోయేవరకు ధర్మరాజు పాచికలు విడువకపోవడం తెలుగువారికి తెలియని కథ కాదు. షేరు ధరల ఆధారంగా బహుమతి సొమ్ముతో నడిచే పోటీలు, లీగుల విషయంలో సెబీ 2016 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. అనధికార వేదికలపై జరిగే ఊహావ్యాపారం గురించి 2024 నవంబరులో మరల హెచ్చరించింది. అటువంటి చోట నష్టపోయినవారికి ఎక్స్ఛేంజీల ద్వారా లభించే రక్షణ ఉండదు.

అయితే ఆటను మానివేయవలసిన అవసరం లేదు. ఆడే తీరును సంస్కరించుకోవాలి. మొదటిది, సొమ్ము ప్రసక్తి ఉండరాదు. చాయి వరకు సరే. రెండవది, ప్రతివాడూ ఇతరులతో ముచ్చటించకముందే తన చీటీని వ్రాసి ఇవ్వాలి. అందులో అంకెతోపాటు కారణం ఉండాలి. ఏమి జరిగితే తన కారణం తప్పని ఒప్పుకుంటాడో అదీ ఉండాలి. మూడవది, ఎవరి పేరూ లేని రెండు చీటీలు కూడా డబ్బాలో వేయాలి. ఒకదానిపై ఈనాటి ధరనే వ్రాయాలి. అంటే ఏమీ మారదని చెప్పే చీటీ. మరొకదానిపై ఇంటిలోని చిన్నపిల్ల లాటరీ వలె తీసిన అంకె వేయాలి. పన్నెండు నెలలు గడచిన తరువాత ఈ రెండు అనామక చీటీలను ఓడించలేనివాడు తనను తాను నిపుణుడని పిలుచుకోరాదు. నాల్గవది, ఫలితం వెలువడిననాడు విజేత చీటీతో ఆగక అన్ని చీటీలనూ పైకి చదవాలి. తప్పిన అంచనాను నవ్వుతూ విని, ఎక్కడ తప్పిందో చెప్పగలవానికి పెద్ద బహుమతి ఇవ్వాలి.

ఈ విధంగా ఆడితే ఆ ఆట చదువవుతుంది. సంస్థ వార్షిక నివేదికను చదవడం అలవడుతుంది. వార్తకూ వదంతికీ తేడా తెలుస్తుంది. సగటు, సంభావ్యత అన్న గణితపు మాటలకు ప్రాణం వస్తుంది. అన్నిటికీ మించి, తన తప్పును తానే సొంత దస్తూరీలో చదువుకొనే ధైర్యం కలుగుతుంది. ఇది షేర్లకు మాత్రమే పరిమితమైన విద్య కాదు. వైద్యుడు రోగనిర్ణయం చేసేటప్పుడు, ఇంజనీరు వంతెన కట్టేటప్పుడు, ప్రభుత్వం పథకం ప్రవేశపెట్టేటప్పుడు వేసేవన్నీ రేపటిని గురించిన అంచనాలే. వాటిని వ్రాసిపెట్టి, సరిచూసుకొని, సవరించుకొన్న సమాజమే ముందుకు సాగుతుంది.

పుప్పాలగూడ మిత్రులు ఏడాది పొడుగునా ఇట్లా చీటీలు వ్రాసి దాచుకున్నారనుకుందాం. ఉగాది నాడు పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత ఆ చీటీల కట్టను విప్పి, ఒక్కొక్కటే పిల్లలచేత చదివించాలి. ఎన్ని నిజమైనవో, ఎన్ని తప్పినవో పిల్లలే లెక్కవేయాలి. నిజమైనవాటిలో ఎన్నింటికి వ్రాసిన కారణమే కారణమైందో, ఎన్నింటిలో కాకి వాలినప్పుడు పండు రాలిందో కూడా వారే తేల్చాలి. తమ పెద్దలు ఇన్నిసార్లు పొరబడ్డారని తెలిసినందువల్ల పిల్లలకు వారిపై గౌరవం తగ్గదు. పొరపాటును దాచని పెద్దలను చూచిన పిల్లలు రేపు తమ సొమ్మును ఇతరుల జోస్యానికి అప్పగించే ముందు, ఆ జోస్యం చెప్పినవాని పాత చీటీలను చూపమని అడుగుతారు.